నిదానంగా స్వాహిలి: చీమకుర్తి నుంచి టాంజానియా క్వారీకి వెళ్ళే తమ్ముడికి

నువ్వు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీ సూపర్‌వైజరువి. టాంజానియాలో ఒక క్వారీలో ఉద్యోగం ఖాయమైంది, వీసా పనులు తేలేసరికి నాలుగైదు నెలలు పట్టేట్టుంది. ఒంగోలులో అక్కడి భాష స్వాహిలి నేర్పేవాళ్ళు దొరకలేదు, ఇంగ్లీషు అంతంతమాత్రం, డ్యూటీ పోను నీకంటూ మిగిలేది ముప్పావు గంట. "నా అంతట నేను నిదానంగా నేర్చుకుంటే మాట్లాడగలనా అన్నా, లేక పోయాక చూసుకుందామా?" అన్నావు. అన్నా అని పిలిచావు కాబట్టి నేనూ నువ్వు అనే రాస్తున్నా.

మాట్లాడగలవు. పోయాక చూసుకుందాం అనేది మాత్రం మనసులోంచి తీసెయ్. మాది కావలి. టాంజానియాలో ఒక నిర్మాణ కంపెనీ స్టోర్స్‌లో చాలా ఏళ్ళు చేశాను, కొంతకాలం దార్ ఎస్ సలామ్‌లో, కొంతకాలం డొడోమా వైపు సైట్లలో. పోయాక చూసుకుందాం అనుకుని వచ్చినవాళ్ళని దగ్గర్నుంచి చూశాను. క్యాంపులో మెస్ మనదే, వంటవాడు మనవాడే, సాయంత్రమైతే మన సీరియళ్ళే. దార్‌లో సామాన్లకు పోతే గుజరాతీ వాళ్ళ షాపుల్లో హిందీ నడిచిపోతుంది. ఇక స్వాహిలి అవసరమేముంది? అవసరం లేకపోతే నోరు తిరగదు. ఏళ్ళ తరబడి ఉండి కూడా "తే", "పద", "తొందరగా" అనే ముక్కలతోనే బండి లాగించినవాళ్ళు ఉన్నారు. వచ్చిన నాలుగు ముక్కలూ హుకుములే అయితే పనివాళ్ళు ఆ మనిషిని ఏమనుకుంటారో నీకు వేరే చెప్పక్కర్లేదు.

కెన్యా అయితే ఇంగ్లీషుతో కొంత నెట్టుకురావచ్చు. అక్కడ 2010 రాజ్యాంగం ప్రకారం స్వాహిలి జాతీయ భాష, అధికార భాషలు మాత్రం స్వాహిలి, ఇంగ్లీషు రెండూ. నైరోబీ ఆఫీసుల్లో ఇంగ్లీషు బాగా నడుస్తుంది. టాంజానియా దారి వేరు. 120కి పైగా తెగలున్న దేశం, ఎవరి మాట వాళ్ళకుంది. అందరినీ కలిపేది స్వాహిలి ఒక్కటే. తొలి అధ్యక్షుడు జూలియస్ న్యెరేరే పట్టుబట్టి దాన్ని నిలబెట్టాడు. సర్కారు ప్రాథమిక బడుల్లో చదువు చెప్పేది అందులోనే. క్వారీలో డ్రిల్లు పట్టే మనిషికీ, లారీ డ్రైవరుకూ, గేటు దగ్గర కాపలా ఆయనకూ ఇంగ్లీషు వచ్చి ఉంటుందని పెట్టుకోకు.

పుస్తకం కొనే ముందు ఒక పని చెయ్. రామతీర్థం క్వారీల్లో, మీ పాలిషింగ్ లైన్లో ఒడిశా వైపు నుంచి, రాజస్థాన్ వైపు నుంచి వచ్చిన కుర్రాళ్ళు ఉంటారు కదా. వాళ్ళకు తెలుగు ఎవరు నేర్పారు? ఏ మాటలు ముందు పట్టుకున్నారో గమనించు. "అన్నా, తిన్నావా?", "రేపు రాను", "డబ్బులు ఎప్పుడిస్తారు?", "ఇంకోసారి చెప్పు". "మేనేజర్ వచ్చింది" అంటారు, ఎవరూ నవ్వరు, పనీ ఆగదు. నువ్వు అక్కడికి పోయాక నీ పరిస్థితీ అదే. కాబట్టి నీ మొదటి జాబితా వాళ్ళ నోట్లోంచే తీసుకో. వాళ్ళు రోజూ వాడే మాటలు ఒక యాభై రాసుకుంటే, ఏ యాప్ ఇచ్చే మొదటి పాఠం కన్నా అవే నీకు ఎక్కువ పనికొస్తాయి. పిల్లి పాలు తాగుతోంది అని స్వాహిలిలో చెప్పే అవసరం నాకైతే ఇంతవరకూ రాలేదు.

ఇక అసలు విషయం. నీ వేగం నీ ఇష్టం, వరస మాత్రం తప్పకు. ముందు పలకరింపులు, తర్వాత క్రియ, ఆ తర్వాతే మిగిలినవి.

పలకరింపు దగ్గర మనవాళ్ళు బాగా తొందరపడతారు. టాంజానియాలో ఎదురుగా వచ్చి నేరుగా పని చెప్పడం మర్యాద కాదు. పొద్దున స్టోర్‌లోకి మనిషి వస్తే "హబారి జా అసుబూహి?" అంటాడు, అంటే పొద్దున విశేషాలేంటి అని. "న్జూరి" అంటావు, బాగుంది అని. అక్కడితో అవదు. "హబారి జా న్యుంబాని?" ఇంటి దగ్గర ఎలా ఉన్నారు? "న్జూరి." "జా కాజి?" పని సంగతేంటి? "న్జూరి" లేదా "సలామా". ఇదంతా అయ్యాక, రెండు బోల్టులు కావాలి అంటాడు. మొదట్లో విసుగ్గా ఉంటుంది. మన ఊళ్ళో మాత్రం "ఏం పెద్దాయనా, పొలం కాడి నుంచేనా" అనకుండా అరువడుగుతామా?

వయసులో పెద్దవాళ్ళకు ఇంకో పలకరింపు ఉంది, "షికమో". జవాబు "మరహబా". నీకంటే పెద్దవాడైతే గేటు కాపలా ఆయనకైనా, వంట చేసే ఆవిడకైనా నువ్వే ముందు అనాలి, సూపర్‌వైజరునని ఆగకు. మా సైటులో తెల్లజుట్టు కాపలాదారు ఒకాయన ఉండేవాడు. మన ఇంజనీర్లు కారు హారన్ కొట్టి లోపలికి పోయేవాళ్ళు. ఒంగోలు అవతలి నుంచి వచ్చిన ఒక వెల్డరు మాత్రం రోజూ ఆగి షికమో చెప్పేవాడు. ఆ పెద్దాయన ఆ కుర్రాడికి రోజూ నాలుగు మాటలు నేర్పేవాడు, పలకడం తప్పితే మళ్ళీ మళ్ళీ అనిపించేవాడు. జీతం లేని ట్యూషన్ అది. పనిచేస్తున్న మనిషి పక్కనుంచి పోయేటప్పుడు "పోలె న కాజి" అనేదీ నేర్చుకో. కష్టపడుతున్నావు పాపం అన్నట్టు. ఎండలో డ్రిల్లు కొట్టేవాడికి ఆ మాట అని చూడు, తలెత్తి "అసాంటె" అంటాడు, థాంక్స్ అని.

వరసలు కూడా మనలాగే. మగవాళ్ళని కాకా అంటారు, అంటే అన్న. ఆడవాళ్ళని డాడా, అంటే అక్క. హిందీలో కాకా అంటే బాబాయి, దాదా అంటే తాత, అందుకే హిందీ తెలిసినవాళ్ళు ఇక్కడ తికమకపడతారు. బాబు అంటే తాత! చిన్న పిల్లవాడిని బాబూ అని పిలిచావంటే చుట్టూ ఉన్నవాళ్ళు పడీ పడీ నవ్వుతారు.

పలకడం గురించి భయం వద్దు, ఇక్కడ తెలుగువాడికి మంచి లాభం. అచ్చులు ఐదే, మాటలన్నీ దాదాపు అచ్చుతోనే ముగుస్తాయి మన తెలుగులాగే. చాలా ఆఫ్రికా భాషల్లో గొంతు పెంచి తగ్గిస్తే మాటకు అర్థమే మారిపోతుంది, ఆ గొడవ ఇందులో లేదు. చివరి నుంచి రెండో అక్షరాన్ని కొంచెం ఒత్తి పలికితే సరిపోతుంది. నేను ఇక్కడ ట, డ అని రాస్తున్నా గానీ నాలుక అంత వెనక్కి మడవకు, తకారానికీ టకారానికీ మధ్యలో పెట్టు. మనకు అలవాటు లేనిది మాట మొదట్లో వచ్చే మ్, న్. మనిషిని మ్టు అంటారు. పెదాలు మూసి మ్ మని ఒక క్షణం ఆగి టు అనాలి, "ముటు" కాదు. అరటిపండు న్డీజి. "అండీజి" అని మొదలుపెట్టి ఆ అకారాన్ని మింగెయ్, వచ్చేస్తుంది. రాత రోమన్ లిపిలో ఉంటుంది, రాసినట్టే చదువుతారు, ఇంగ్లీషులా స్పెల్లింగుతో చావు ఉండదు. అందుకే మొదటి వారం తర్వాత తెలుగు లిపిలో రాసుకోవడం మానేసి నేరుగా రోమన్‌లోనే చదువు.

ఇప్పుడు క్రియ. నీ ముప్పావు గంటలో ఎక్కువ భాగం దీనికే పెట్టు. ఇంగ్లీషు పుస్తకాలు దీన్ని పెద్ద బ్రహ్మవిద్యలా చెబుతాయి, ఎందుకంటే వాళ్ళ భాషలో ఇలా ఉండదు. మనకు ఉంది. "కోస్తున్నాను" అనే ఒక్క మాటలో ఏముంది? కోయడం అనే పని, ఇప్పుడు జరుగుతోందనే కాలం, చివర్లో "ను" అంటే నేను. స్వాహిలిలోనూ ఇవే మూడు ఒకే మాటలో ఉంటాయి, వరస మాత్రం తిరగబడుతుంది. నేను ముందు, కాలం మధ్యలో, పని చివర. కోయడం "కాటా". ని-న-కాటా, కోస్తున్నాను. ని-లి-కాటా, కోశాను. ని-ట-కాటా, కోస్తాను. ని-మె-కాటా, కోసేశాను. మధ్య ముక్క మారితే కాలం మారింది, అంతే.

మనిషి మారితే మొదటి ముక్క మారుతుంది. నువ్వు అయితే ఉ, అతను అయితే అ, మేము టు, మీరు మ్, వాళ్ళు వా. ఉనకాటా, అనకాటా, టునకాటా, మ్నకాటా, వనకాటా. ఇంకో సుఖం ఏంటంటే అతను, ఆమె తేడా లేదు. వచ్చాడు, వచ్చింది అని తడుముకోనక్కర్లేదు, రెండిటికీ అ ఒకటే. మనం, మేము తేడా కూడా లేదు.

లేదు, కాదు అనడం కాస్త చిక్కు. కోయను అంటే సికాటి, చివర అచ్చు మారింది చూశావా. కోయలేదు అంటే సికుకాటా, ఇక ముందు కోయను అంటే సిటకాటా. ఇక్కడ కొన్నాళ్ళు తడబడతావు, తడబడనీ. ముందు రెండు మాటలు కంఠతా పట్టు, "సిజూయి" అంటే తెలియదు, "సిఎలేవి" అంటే అర్థం కాలేదు. వీటికి "సేమా టేనా పోలెపోలె" కలుపుకో, మళ్ళీ నిదానంగా చెప్పు అని. వస్తువు చూపించి "హీ ని నీని?" అను, ఇదేంటి అని. ఈ నాలుగు వస్తే కనపడిన ప్రతి మనిషీ నీకు మాస్టారే.

పనికొచ్చే క్రియలు ఒక ఇరవై ఏరుకుని, ప్రతి దానికీ నాలుగు కాలాలు, ఆరుగురు మనుషులు, ఒక లేదు కలిపి నోటితో తిప్పు. కళ్ళతో చదవడం లెక్కలోకి రాదు. చీమకుర్తి బస్సు కర్నూలు రోడ్డు మీద పోతున్నంతసేపూ లోపల్లోపలే గొణుక్కో: నినపాండా బాసి, బస్సెక్కుతున్నాను. నిమెచోకా, అలిసిపోయాను. నిమెచెలేవా, ఆలస్యమైపోయింది. రాత్రి పడుకునే ముందు ఆ రోజు జరిగింది నాలుగు వాక్యాల్లో వాట్సాప్‌లో నీకు నువ్వే వాయిస్ మెసేజ్ పెట్టుకో. పది రోజుల తర్వాత పాతది విను. టెన్షన్ దానంతట అదే తగ్గుతుంది.

నామవాచకాల తరగతులు అని ఒక భూతం ఉంది, చాలామంది అక్కడే పుస్తకం మూసేస్తారు. వ్యాకరణాల్లో 18 దాకా అంకెలు వేసి ఉంటాయి. మనిషి మ్టు, మనుషులు వాటు. వస్తువు కీటు, వస్తువులు వీటు. రాయి జీవె, రాళ్ళు మావె. బహువచనం మాట చివర కాకుండా మొదట మారుతుంది, దాన్ని బట్టి పక్కనున్న విశేషణమూ మారుతుంది. పెద్ద వస్తువు కీటు కికూబ్వా, పెద్ద రాళ్ళు మావె మకూబ్వా. నా సలహా అడిగితే, పోయే లోపల మనుషుల తరగతి, కి-వి తరగతి ఈ రెండే సరిగ్గా నేర్చుకో. మిగతావి విని విని పడతాయి. తప్పు పలికినా అర్థమవుతుంది, మన ఒడిశా కుర్రాడి "వచ్చింది" అర్థమైనట్టే. ఇది పండితులు ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు.

క్వారీ మాటలు మాత్రం తప్పు పోకూడదు, అక్కడ ప్రాణం మీదికి వస్తుంది. హటారి అంటే ప్రమాదం. సిమామా, ఆగు. సుబీరి, కాసేపు ఆగి ఉండు. ఇనూవా, ఎత్తు. షూషా, దించు. జూ పైన, చీని కింద. కులియా కుడి, కుషోటో ఎడమ, మ్బేలె ముందు, న్యూమా వెనక. పేలుడు మందు బరూటి. తాడు కాంబా, అదే మాటకు రొయ్య అనే అర్థమూ ఉంది, మా నెల్లూరు వైపు వాళ్ళకు చెబితే సంబరపడతారు. క్రేన్ కింద నిలబడి ఇనూవా అనాల్సిన చోట షూషా అంటే ఏమవుతుందో నీకు తెలుసు. వీటిని చేయి సైగతో కలిపి, గట్టిగా అరుస్తూ అలవాటు చేసుకో, మీ గ్యాంట్రీ క్రేన్ దగ్గరే.

మిగతా వేళల్లో అలా అరవకు. ఏదైనా అడగాలంటే "నఓంబా" అని మొదలుపెట్టు, అడుగుతున్నాను, దయచేసి ఇవ్వండి అన్నట్టు. నఓంబా మాజి, కాసిని నీళ్ళు ఇప్పించండి. రోడ్డు పక్కన భోజనం పెట్టే ఆవిడను మామా న్టిలియె అంటారు. మెస్ వదిలేసి వారానికి కొన్నిసార్లయినా అక్కడ తిను. అన్నం, రాజ్మాలాంటి గింజల కూర దొరుకుతుంది, వాలి న మహరాగె. చేలో ఉన్న వరి మ్పుంగా, బియ్యం మ్చేలె, వండితే వాలి. మూడింటికీ మూడు మాటలున్న ఊళ్ళోంచి పోతున్నావు కాబట్టి నీకు ఇది చెప్పక్కర్లేదు, ఇంగ్లీషువాడికి చెప్పాలి. ఉగాలి అని మొక్కజొన్న పిండి ముద్ద పెడతారు, మన సంగటి తిన్నట్టే చేత్తో తినాలి.

అంకెలు త్వరగా వస్తాయి. లక్షను లాకి అంటారు, డబ్బును పేసా, ఆటోని బజాజి. చాయ్, చపాతి, అచారి ఎలాగూ తెలుసు. టైము మాత్రం జాగ్రత్త. వాళ్ళు పగటి గంటలు పొద్దు పొడిచినప్పటి నుంచి, రాత్రి గంటలు పొద్దు గూకినప్పటి నుంచి లెక్కపెడతారు. సా మోజా, అంటే ఒంటిగంట, మన ఉదయం ఏడు. సా మ్బీలి, రెండు గంటలు, మన ఎనిమిది. సా సీటా, ఆరు గంటలు, మధ్యాహ్నం పన్నెండు. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి ఏడాది పొడుగునా పొద్దు పొడిచే వేళలో పెద్ద తేడా ఉండదు, అందుకే ఈ లెక్క నడుస్తుంది. గడియారంలో ముల్లు చూపే అంకెకు సరిగ్గా ఎదురుగా ఉన్న అంకె చదివితే వాళ్ళ టైము. షిఫ్టు సా మోజా అని ఫోర్‌మన్ చెబితే మధ్యాహ్నం దాకా పడుకోకు.

నేర్చుకునే సరంజామా ఎక్కువ పెట్టుకోకు. ల్యాంగ్వేజ్ ట్రాన్స్‌ఫర్ వాళ్ళ స్వాహిలి ఆడియో పాఠాలు పూర్తిగా ఉచితం, తేలికపాటి ఇంగ్లీషులోనే ఉంటాయి. పాఠం చెప్పే ఆయన ప్రశ్న అడిగి ఆగుతాడు, నువ్వు పాజ్ చేసి పైకి జవాబు చెప్పాలి. క్రియ గొలుసు దాంట్లో బాగా పడుతుంది. డ్యుయోలింగో యాప్ కూడా ఉంది, కాలక్షేపానికి పర్లేదు, వేలు కదులుతుంది గానీ నోరు కదలదు. చెవి కోసం రోజుకు పది నిమిషాలు బీబీసీ స్వాహిలి గానీ జర్మనీ వాళ్ళ డీడబ్ల్యూ స్వాహిలి గానీ పెట్టుకో. మొదట్లో ఒక్క ముక్క అర్థం కాదు, కానీ మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చెవికి తెలుస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఆఫ్రికన్ స్టడీస్ విభాగం వాళ్ళు స్వాహిలి చెబుతారు గానీ నీకు దాని పనిలేదు. చివరి రెండు నెలలు మాత్రం కొంచెం డబ్బు ఖర్చయినా ఆన్‌లైన్‌లో వారానికి ఒక గంట మనిషితో మాట్లాడు. టాంజానియా టీచర్నే ఎంచుకో. నైరోబీ కుర్రాళ్ళు ఇంగ్లీషు కలిపేసిన షెంగ్ అనే యాస మాట్లాడతారు, అది డొడోమాలో నీకు పనికిరాదు.

ఎన్నాళ్ళు పడుతుందని అడిగావు. అమెరికా విదేశాంగ శాఖ శిక్షణ సంస్థ స్వాహిలికి సుమారు 36 వారాలు అని లెక్క వేసింది, అదీ రోజంతా తరగతిలో కూర్చునే ఉద్యోగులకు. ఆ అంకె చూసి బెదరకు. అది ఆఫీసు వ్యవహారం నడపగలిగే స్థాయి, పైగా ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్ళ లెక్క. అదే సంస్థ మన తెలుగుకు 44 వారాలు పెట్టింది. నీకు కావాల్సింది పలకరింపు, క్వారీ పని, బజారు, ఒంట్లో బాగాలేకపోతే చెప్పుకోవడం. రోజుకు ముప్పావు గంట చొప్పున నాలుగు నెలల్లో అంతమటుకు వస్తుంది. ఒక వారం నైట్ షిఫ్టు పడి పుస్తకం ముట్టకపోతే పోనీ, మొదటికి పోకుండా ఆపిన చోటు నుంచే అందుకో. ఆదివారం ఒక్కరోజే ఐదు గంటలు కూర్చుంటానంటే మాత్రం నేను ఒప్పుకోను.

ముందుగా మీ గ్యాంట్రీ దగ్గర, కటింగ్ మెషిన్ దగ్గర ఒక రోజంతా నువ్వు నోటితో ఏమేం అంటున్నావో తెలుగులో ఉన్నదున్నట్టు ఒక పేజీ రాసి ఇక్కడ పెట్టు. తిట్లు తీసెయ్. వాటి పక్కన స్వాహిలి నేను రాసిస్తా.